పెద్ద పొరుగు పక్కన ఫిన్లాండ్

ఫిన్లాండ్ జనాభా సుమారు 56 లక్షలు. ఒక్క హైదరాబాద్ నగరంలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఆ కొద్దిమందికి రష్యాతో ఉన్న సరిహద్దు మాత్రం 1,340 కిలోమీటర్లు. 1917 డిసెంబరు 6న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నప్పటి నుంచి ఈ దేశం విదేశాంగ విధానం తిరిగిన మలుపులు ఇన్నీ అన్నీ కావు. 1930లలో తటస్థమంది. 1941లో హిట్లర్ జర్మనీ పక్కన నిలబడి యుద్ధం చేసింది. 1948లో స్టాలిన్‌తో స్నేహ ఒప్పందం రాసుకుంది. 1995లో యూరోపియన్ యూనియన్‌లో, 2023లో నాటోలో చేరింది. పైపైన చూస్తే ఇదంతా గాలివాటం వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ ప్రపంచం మారినప్పుడు ఒక చిన్న దేశం ఏది పట్టుకోవాలి, ఏది వదులుకోవాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఎప్పుడు కదలాలి అని ఆలోచించేవాళ్లు ఇప్పటికీ ముందు తిరగేసేది ఈ దేశం చరిత్రనే.

1809 నుంచి రష్యా జార్ ఏలుబడిలో స్వయంపాలన ఉన్న ప్రాంతంగా కొనసాగిన ఫిన్లాండ్, విప్లవంతో రష్యా అతలాకుతలమైన సమయం చూసుకుని విడిపోయింది. మరుసటి ఏడాదే సోషలిస్టు ఎర్రదళాలకూ ప్రభుత్వ పక్షపు తెల్లదళాలకూ మధ్య అంతర్యుద్ధం జరిగింది. 1920లో టార్టు ఒప్పందంతో సోవియట్ రష్యాతో సరిహద్దు ఖరారైంది. ఆ తర్వాత రక్షణ విషయంలో మొదట నానాజాతి సమితిని నమ్ముకుంది, ఆ నమ్మకం సడలాక స్వీడన్ వైపు చూసింది. స్కాండినేవియా దేశాల తటస్థతే తమ దారి అని 1935లో అధికారికంగా ప్రకటించింది.

తటస్థతతో ఒక చిక్కుంది. తాము తటస్థులమని ప్రకటించుకుంటే సరిపోదు, పొరుగువాడు దాన్ని నమ్మాలి. మాస్కో నమ్మలేదు. లెనిన్‌గ్రాడ్ నగరం ఫిన్లాండ్ సరిహద్దుకు 32 కిలోమీటర్ల దూరంలోనే ఉండేది. రేపు జర్మనీ ఆ దారినే దండెత్తి వస్తే ఫిన్లాండ్ ఆపగలదా, అసలు ఆపుతుందా అన్నది స్టాలిన్ అనుమానం. 1939 ఆగస్టు 23న జర్మనీ, సోవియట్ యూనియన్ యుద్ధం చేసుకోబోమని ఒప్పందం కుదుర్చుకున్నాయి. అందులోని రహస్య అనుబంధం ఫిన్లాండ్‌ను సోవియట్ వాటాలో వేసింది. జర్మనీకీ రష్యాకీ పడదు కాబట్టి తమ జోలికి ఎవరూ రారన్న లెక్క ఆ ఒక్క సంతకంతో తలకిందులైంది.

అక్టోబరులో మాస్కో నుంచి పిలుపు వచ్చింది. సరిహద్దు వెనక్కి జరపాలి, కొన్ని దీవులు ఇవ్వాలి, హాంకో రేవును కౌలుకివ్వాలి; బదులుగా ఉత్తరాన దాదాపు రెట్టింపు భూమి తీసుకోవచ్చు. చర్చలకు వెళ్లినవాడు యుహో కుస్తి పాసికివి. బ్యాంకర్‌గా పేరున్నవాడు, రష్యన్ భాష తెలిసినవాడు, 1920లో టార్టు చర్చలు నడిపినవాడు. కొంతైనా ఇచ్చి గొడవ వదిలించుకుందామన్నాడు. సైన్యం ఎంత బలహీనంగా ఉందో తెలిసిన మార్షల్ మన్నర్‌హైమ్ కూడా అదే మాటన్నాడు. ప్రభుత్వం వినలేదు. స్టాలిన్‌వి ఉత్త బెదిరింపులనీ, అంతదాకా వస్తే స్వీడన్ తోడొస్తుందనీ అనుకుంది. రెండు అంచనాలూ తప్పాయి. నవంబరు 30న బాంబులు పడ్డాయి.

105 రోజుల శీతాకాల యుద్ధంలో ఫిన్లాండ్ సైనికులు మంచులో చూపిన తెగువ గురించి ప్రపంచమంతా చెప్పుకుంది. సాయం మాత్రం మాటల దగ్గరే ఆగింది. నానాజాతి సమితి సోవియట్ యూనియన్‌ను బహిష్కరించి ఊరుకుంది. స్వీడన్ నుంచి ఆయుధాలు, సుమారు 8,000 మంది వాలంటీర్లు వచ్చారు, సైన్యం రాలేదు. 1940 మార్చిలో సంధి కుదిరేనాటికి దాదాపు 25,000 మంది ఫిన్లాండ్ వాళ్లు ప్రాణాలు కోల్పోయారు. స్టాలిన్ మొదట అడిగినదానికంటే ఎక్కువ భూమి పోయింది. కరేలియా ప్రాంతం నుంచి 4 లక్షలకు పైగా జనం ఇళ్లూ పొలాలూ వదిలి కట్టుబట్టలతో వచ్చేశారు.

అడిగింది ఇచ్చేసి ఉంటే సరిపోయేదని ఇప్పుడు అనడం తేలిక. 1939లోనే సోవియట్ సైనిక స్థావరాలకు ఒప్పుకున్న ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియా 1940లో దేశాలుగానే లేకుండా పోయాయి. కాబట్టి 1939 నాటి పొరపాటు కాదనడంలో ఉందని గట్టిగా చెప్పలేం. రాని సాయాన్ని వచ్చినట్టే లెక్కలో వేసుకోవడంలో మాత్రం తప్పకుండా ఉంది.

పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకోవాలని 1941లో జర్మనీతో కలిసి ఫిన్లాండ్ మళ్లీ యుద్ధానికి దిగింది. 1944 వేసవికి జర్మనీ ఓటమి ఖాయమైంది, అయినా సోవియట్ దాడిని తట్టుకోవాలంటే జర్మన్ ఆయుధాలు కావాలి. విడిగా సంధి చేసుకోబోమని మాటిస్తే తప్ప ఇవ్వమన్నారు జర్మన్లు. అధ్యక్షుడు రిస్తో రుటి పార్లమెంటుతో సంబంధం లేకుండా సొంత పేరు మీద ఆ హామీ రాసిచ్చాడు. ఆయుధాలు అందాయి, దాడి నిలిచింది. ఆగస్టు 1న ఆయన రాజీనామా చేశాడు. తర్వాత అధ్యక్షుడైన మన్నర్‌హైమ్, రుటి ఇచ్చిన మాట దేశాన్ని కట్టిపడేయదంటూ సెప్టెంబరులో సోవియట్‌తో సంధి చేసుకున్నాడు. యుద్ధానంతరం రుటికి పదేళ్ల శిక్ష పడింది. విధివిధానాల పుస్తకాల్లో ఇలాంటి ఎత్తుగడకు చోటుండదు. దేశం ఆక్రమణ పాలుకాకుండా బయటపడటంలో మాత్రం దాని పాత్ర చిన్నది కాదు.

బయటపడ్డా, చేతులు కట్టేసినట్టే ఉంది. 1938 నాటి ధరల్లో 30 కోట్ల డాలర్ల పరిహారాన్ని సరుకుల రూపంలో చెల్లించాలి. రాజధానికి ఫిరంగి గుండు అందేంత దూరంలో ఉన్న పోర్కలా ద్వీపకల్పాన్ని 50 ఏళ్లకు సోవియట్ నౌకాదళానికి కౌలుకివ్వాలి. హెల్సింకి నుంచి తుర్కు నగరానికి వెళ్లే రైలు మార్గం ఆ ప్రాంతం మీదుగానే పోతుంది. 1947లో ప్రయాణికుల రైళ్లకు అనుమతి దొరికింది కానీ, పోర్కలా హద్దు రాగానే రైలు ఆగేది, పెట్టెల కిటికీలకు బయట నుంచి తలుపులు బిగించేవాళ్లు, సోవియట్ ఇంజన్ తగిలించేవాళ్లు. సొంత దేశం నేల మీద పోతూ బయట ఏముందో కనపడకుండా చీకట్లో కూర్చున్న జనం, దానికి ప్రపంచంలోకెల్లా పొడవైన సొరంగమని పేరు పెట్టుకున్నారు.

ఈ పరిస్థితిలో పాసికివి 1946లో అధ్యక్షుడయ్యాడు. ఆయన వాదన ముక్కుసూటిగా ఉండేది. భౌగోళిక స్థితిని మార్చలేం. రష్యాకు ఫిన్లాండ్ దగ్గర ఉన్నది భద్రత అవసరమే తప్ప భూమి మీద ఆశ కాదు. తమవైపు నుంచి శత్రువు రాడని నమ్మించగలిగితే లోపల తమ బతుకు తాము బతకొచ్చు. ఈ లెక్కతోనే 1947లో అమెరికా ఇవ్వజూపిన మార్షల్ సాయాన్ని కాదన్నారు. యుద్ధంలో చితికిపోయిన దేశానికి అది చిన్న త్యాగం కాదు.

1948 ఫిబ్రవరిలో స్టాలిన్ ఉత్తరం రాశాడు. రొమేనియా, హంగేరీలతో చేసుకున్నలాంటి ఒప్పందం కావాలన్నాడు. అదే నెలలో చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నారు. తర్వాతి వంతు ఎవరిదన్నది హెల్సింకిలో అందరికీ తెలిసిన ప్రశ్నే. ఏప్రిల్ 6న కుదిరిన ఒప్పందం చదివితే ఫిన్లాండ్ ప్రతినిధులు ఒక్కో మాట కోసం ఎంత పోరాడారో అర్థమవుతుంది. జర్మనీ గానీ దాని మిత్రదేశం గానీ ఫిన్లాండ్ మీదుగా దాడికి వస్తే ఫిన్లాండ్ తన నేలను తాను కాపాడుకుంటుంది. అవసరమైతే సోవియట్ సాయం, అదీ ఇద్దరూ మాట్లాడుకున్నాకే. అగ్రరాజ్యాల తగాదాలకు దూరంగా ఉండాలన్న ఫిన్లాండ్ కోరికను పీఠికలోనే రాయించుకున్నారు. సైనిక కూటమిగా మొదలైన ప్రతిపాదనను కర్ర విరగకుండా పాము చావకుండా ఇక్కడిదాకా లాక్కొచ్చారు.

పరిహారం కట్టడం 1952లో పూర్తయింది, అంతకుముందే అందులో కొంత తగ్గించారు కూడా. ఓడలు, యంత్రాలు, కేబుళ్లు తయారుచేసి పంపాల్సి రావడంతో, అడవుల మీదా కాగితం మీదా బతికిన దేశంలో లోహ పరిశ్రమ పెద్దదైంది. అదే పరిశ్రమ తర్వాత సోవియట్ యూనియన్‌కే సరుకు అమ్మింది. పోర్కలాను కూడా 1956 జనవరిలో, గడువుకు చాలా ముందే తిరిగి ఇచ్చేశారు.

పాసికివి తర్వాత ఊర్హో కెక్కొనెన్ 1956 నుంచి 1982 ఆరంభం దాకా అధ్యక్షుడిగా ఉన్నాడు. ఆయన హయాంలో సమతూకం ఒక కళ స్థాయికి చేరింది. వైమానిక దళానికి సోవియట్ మిగ్-21లు కొన్నారు, స్వీడన్ డ్రాకెన్‌లూ కొన్నారు. లొవీసా అణు విద్యుత్ కేంద్రానికి రియాక్టర్లు సోవియట్‌వి, ప్రమాదం జరిగితే అడ్డుకునే రక్షణ వ్యవస్థ అమెరికన్ వెస్టింగ్‌హౌస్‌ది, నియంత్రణ పరికరాలు జర్మన్ సీమెన్స్‌వి. విదేశాంగ విధానమంతా ఒక్క కట్టడంలో చూడాలంటే అక్కడికి వెళితే చాలు. పశ్చిమ యూరప్ మార్కెట్‌తో 1961లో యూరోపియన్ స్వేచ్ఛా వాణిజ్య సంఘం (ఎఫ్టా) అనుబంధం, 1973లో యూరోపియన్ ఆర్థిక సమాజం (ఈఈసీ)తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదుర్చుకున్నారు. ప్రతిసారీ మాస్కోకు ఏదో ఒక ఊరడింపు ఇచ్చాకే. 1975 ఆగస్టు 1న అమెరికా, సోవియట్ సహా 35 దేశాల నేతలు హెల్సింకిలో ఒకే బల్ల దగ్గర సంతకాలు చేయడం ఈ విధానానికి పండిన పంట.

దీనికి కట్టిన మూల్యమూ తక్కువేం కాదు. 1961 అక్టోబరు 30న, కెక్కొనెన్ అమెరికా పర్యటనలో భాగంగా హవాయిలో ఉండగా, 1948 ఒప్పందం ప్రకారం సైనిక సంప్రదింపులు కావాలని మాస్కో నోట్ పంపింది. ఆయన నోవోసిబిర్స్క్ వెళ్లి సోవియట్ నేత క్రుశ్చేవ్‌తో మాట్లాడి దాన్ని వాయిదా వేయించాడు. ఈలోగా ఎన్నికల్లో ఆయనకు పోటీగా నిలబడిన ఓలవి హొంకా తప్పుకున్నాడు. 1973లో ఎన్నిక లేకుండానే ప్రత్యేక చట్టంతో కెక్కొనెన్ పదవీకాలాన్ని నాలుగేళ్లు పొడిగించారు. సోవియట్ నిర్బంధ శిబిరాల మీద సోల్జెనిత్సిన్ రాసిన 'గులాగ్ ఆర్కిపెలాగో' ఫిన్నిష్ అనువాదం స్వీడన్‌లో అచ్చయింది, సొంత దేశంలో ప్రచురణకర్తలు వెనకడుగు వేశారు కాబట్టి. మాస్కో కోపగించుకుంటుందేమోనని పత్రికలూ నాయకులూ ముందే నోరు కట్టేసుకునే అలవాటు పాతుకుపోయింది. పశ్చిమ జర్మనీ రాజకీయాల్లో 'ఫిన్లాండీకరణ', అంటే పెద్ద పొరుగుకు తలవంచి బతకడం, ఒక తిట్టుగా చెలామణి అయింది. ఆ తిట్టు ఫిన్లాండ్ వాళ్లకు నొప్పి కలిగించింది, అందులో కొంత నిజం ఉండటం వల్ల మరీనూ. అయితే ఎన్నికలు, పార్లమెంటు, ప్రైవేటు ఆస్తి, సొంత సైన్యం చివరిదాకా నిలిచాయి. సోవియట్ నీడలోని వార్సా కూటమి దేశాల్లో ఏ ఒక్కటీ ఆ మాట అనలేకపోయింది.

1990లో ప్రపంచం మళ్లీ కదిలింది. ఈసారి ఫిన్లాండ్ చూపిన సమయస్ఫూర్తి గమనించదగ్గది. జర్మనీ ఏకీకరణకు నాలుగు అగ్రరాజ్యాలు ఒప్పుకున్న కొద్ది రోజులకే, సెప్టెంబరు 21న, 1947 పారిస్ సంధి తమ సైన్యం మీద పెట్టిన పరిమితులు ఇక చెల్లవని ఏకపక్షంగా ప్రకటించింది. ఎవరినీ అడగలేదు, హడావుడీ చేయలేదు. సోవియట్ యూనియన్ కూలిన నెలలోపే, 1992 జనవరి 20న, పాత స్నేహ ఒప్పందం స్థానంలో రష్యాతో సైనిక షరతులు లేని మామూలు ఒప్పందం చేసుకుంది. మార్చిలో యూరోపియన్ యూనియన్‌కు దరఖాస్తు పెట్టింది. అమెరికా నుంచి 64 హార్నెట్ యుద్ధవిమానాలు కొనాలని ఆ ఏడాదే నిర్ణయించింది. రష్యా తన ఇల్లు చక్కబెట్టుకునే పనిలో ఉన్న రెండేళ్లలో ఇదంతా జరిగిపోయింది.

ఆర్థికంగా అవి గడ్డు రోజులు. 1980ల మొదట్లో ఫిన్లాండ్ ఎగుమతుల్లో దాదాపు నాలుగో వంతు సోవియట్‌కే వెళ్లేవి. చమురు తీసుకుని బదులుగా ఓడలు, బట్టలు, బూట్లు ఇచ్చే ఖాతా పద్ధతి అది. అది 1991లో ఒక్కసారిగా ఆగిపోయింది. దేశంలో బ్యాంకుల సంక్షోభమూ తోడవడంతో 3 శాతం దగ్గర ఉన్న నిరుద్యోగం 16 శాతం దాటింది.

భారతదేశం పరిస్థితి కూడా అదే సంవత్సరం ఇంచుమించు ఇలాగే ఉంది. 1971 ఒప్పందంతో భరోసాగా నిలిచిన సోవియట్ మాయమైంది, రూపాయిల్లో సాగిన వ్యాపారం కుప్పకూలింది, విదేశీ మారకం అడుగంటింది. ప్రధాని పి.వి. నరసింహారావు 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు నెలకొల్పి, ఆగ్నేయాసియా వైపు చూపు మళ్లించి, 1993లో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం చేసుకోవడం ఆ మార్పుకు భారత్ ఇచ్చిన జవాబు. కానీ భారత్ ఏ కూటమిలోనూ చేరాల్సిన అవసరం లేనంత పెద్దది. ఫిన్లాండ్‌కు ఆ వెసులుబాటు లేదు. 1994 అక్టోబరులో ప్రజాభిప్రాయ సేకరణలో 56.9 శాతం యూరోపియన్ యూనియన్‌కు ఓటేశారు. వ్యాపారం కోసమని పైకి చెప్పినా, రష్యా మళ్లీ బలపడే నాటికి పశ్చిమ యూరప్ గడప లోపల ఉండాలన్న ఆలోచన చాలామంది మనసులో ఉంది.

నాటో విషయంలో మాత్రం ఆగారు. చేరబోమని ఎప్పుడూ అనలేదు. అవసరమైతే చేరే హక్కు తమకుందని 2000ల నుంచి ప్రభుత్వ నివేదికల్లో రాస్తూ వచ్చారు. 1994 నుంచే నాటో భాగస్వామ్య కార్యక్రమంలో ఉండి, ఆయుధాలు, రేడియోలు, శిక్షణ అన్నీ ఆ కూటమి ప్రమాణాలకు సరిపోయేలా మలచుకున్నారు. రష్యాను రెచ్చగొట్టకుండా, అది హద్దు దాటితే తాము ఎటు వెళతారో తెలిసేలా వేసిన ఎత్తు ఇది.

ఇదే కాలంలో మిగతా యూరప్ సైన్యాలను కుదించుకుంది. స్వీడన్ నిర్బంధ సైనిక శిక్షణను 2010లో ఆపేసి 2017లో మళ్లీ తెచ్చింది. ఫిన్లాండ్ ఒక్క ఏడాదీ ఆపలేదు. యుద్ధమొస్తే రంగంలోకి దించగల బలం 2 లక్షల 80 వేలు, రిజర్వులో ఉన్నవాళ్లు దాదాపు 9 లక్షలు. దేశమంతటా సుమారు 50,500 బాంబు ఆశ్రయాలున్నాయి, వాటిలో 48 లక్షల మంది తలదాచుకోవచ్చు. హెల్సింకి తూర్పు శివారులో ఇటెకెస్కుస్ ఈత కొలను కొండరాతిలో తొలిచిన అలాంటి ఆశ్రయమే. మామూలు రోజుల్లో పిల్లలు అక్కడ ఈత నేర్చుకుంటారు. అవసరమొస్తే 72 గంటల్లో నీళ్లు తోడేసి 3,800 మందికి చోటు కల్పించాలి. ధాన్యం, ఇంధనం, మందులు నెలల తరబడి సరిపోయేలా నిల్వ చేయడానికి ప్రత్యేక సంస్థ ఉంది. ఎంపీలు, కంపెనీ అధిపతులు, సంపాదకులను పిలిచి దేశ రక్షణ మీద కొన్ని వారాల కోర్సు నడపడం 1961 నుంచీ ఆనవాయితీ. అందుకే సంక్షోభం వచ్చినప్పుడు నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లకు సమస్య కొత్తగా వివరించాల్సిన పని పడదు.

2021 డిసెంబరులో నాటో ఇకపై ఎవరినీ చేర్చుకోకూడదని రష్యా లిఖితపూర్వకంగా డిమాండ్ చేసింది. పశ్చిమ దేశాలను ఉద్దేశించి రాసిన ఆ కాగితం హెల్సింకిలో గట్టిగా తగిలింది. ఫిన్లాండ్ ఇరవై ఏళ్లుగా దాచుకున్న ఆ ఒక్క అవకాశాన్నీ అది రద్దు చేయమంటోంది. తమ దారి ఎంచుకునే స్వేచ్ఛ తమదేనని 2022 నూతన సంవత్సర ప్రసంగంలో అధ్యక్షుడు సౌలి నీనిస్తో గుర్తుచేశాడు. అయినా నాటో దరఖాస్తు తన పదవీకాలంలో జరిగే పనిలా లేదని ప్రధాని సన్నా మరీన్ జనవరిలో అన్నారు. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసింది. ఏళ్ల తరబడి పాతిక శాతం అటూఇటూగా ఉన్న నాటో మద్దతు మే నెల సర్వేలో 76 శాతానికి చేరింది. మే 14న నీనిస్తో స్వయంగా పుతిన్‌కు ఫోన్ చేసి తాము దరఖాస్తు చేయబోతున్నామని చెప్పాడు. చాటుమాటు వ్యవహారం ఆ దేశం రివాజు కాదు. మే 17న పార్లమెంటులో 188 మంది అవునన్నారు, 8 మంది కాదన్నారు. మరునాడు స్వీడన్‌తో కలిసి దరఖాస్తు అందజేశారు. నాటో సభ్యదేశమైన తుర్కియే అభ్యంతరాలు తీరాక 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ 31వ సభ్యదేశమైంది.

ఇక్కడా సమయం చూసే కదిలారు. సరిహద్దుకు దగ్గరగా ఉండే రష్యన్ సేనల్లో చాలా భాగం అప్పటికి ఉక్రెయిన్‌లో చిక్కుకుని ఉంది. 1917లో, 1990లో కనిపించిన లెక్కే ఇది: పెద్ద పొరుగు వేరే పనిలో తలమునకలైనప్పుడు తలుపు కాసేపు తెరుచుకుంటుంది. అప్పటికప్పుడు ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. ఫిన్లాండ్ సామర్థ్యం పక్షం ఎంచుకోవడంలో కంటే, ఆ ఘడియ వచ్చేదాకా ఏ దారీ శాశ్వతంగా మూసుకుపోకుండా చూసుకోవడంలో ఎక్కువగా ఉంది.

కొత్త దారి ఖర్చులు ఇప్పుడు తెలిసివస్తున్నాయి. రష్యా గగనతలం మూతపడటంతో ఆసియాకు దగ్గరి దారిగా పేరుపడ్డ విమాన సంస్థ ఫిన్ఎయిర్ వ్యాపారం దెబ్బతింది. హెల్సింకి నుంచి టోక్యోకు 10 గంటల లోపు పట్టే ప్రయాణం 13 గంటలైంది. రష్యా అణు సంస్థ రొసాటమ్‌తో కలిసి కట్టాల్సిన హన్హికివి అణు విద్యుత్ కేంద్రం 2022లో రద్దయింది. రష్యా వైపు నుంచి శరణార్థులను కావాలని తోస్తున్నారంటూ 2023 చివర్లో తూర్పు సరిహద్దు దారులన్నీ మూసేశారు. రష్యన్ పర్యాటకుల మీద ఆధారపడ్డ లప్పేన్‌రంత, ఇమత్ర పట్టణాల్లో దుకాణాలకు బేరాలు పడిపోయాయి. ఎవరి దాడినైనా తట్టుకోవడంలో చివరికి అమెరికా ఎంతవరకు నిలబడుతుందన్న అనుమానం యూరప్ అంతటా పెరుగుతుండటంతో, కూటమిలో చేరినా సొంత ఏర్పాట్లు తగ్గించలేదు. రక్షణ వ్యయాన్ని 2029 నాటికి జీడీపీలో కనీసం 3 శాతానికి పెంచుతామని 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రకటించింది. మందుపాతరలను నిషేధించిన ఒట్టావా ఒప్పందం నుంచి వైదొలిగే ప్రక్రియనూ అప్పుడే మొదలుపెట్టింది.